తేదీ లేని ఆటలమ్మ

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే ప్రత్తిపాడు నుంచి గుంటూరు దాకా వస్తాయి. వాటిల్లో ఒకటి మాత్రం మా ఇంటిచుట్టూ బ్లీచింగు పౌడరు చల్లించింది, మా అమ్మని మిరపతోటలోంచి పరిగెత్తించింది, నా ఉద్యోగాన్ని ఒక రోజంతా గాల్లో వేలాడదీసింది. ఇదంతా ఒకే ఒక్క సెలవు మిగుల్చుకుందామని చేశాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నవ్వే ఓపిక నాకు లేదు.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్లు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లోనే పంచాయతీ సమితి స్కూల్లో టీచరుని. మా పేటలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ మరియమ్మ మిరపకాయలు కోసి నన్ను ట్రైనింగు చదివించింది. నేను స్కూలుకి బయల్దేరితే గుమ్మంలో నిలబడి, సందు మలుపు తిరిగేదాకా చూసేది. ఆ ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. రెండేళ్లు ఏ మాటా పడకుండా గడిస్తే ఖాయమవుతుంది, మాట పడితే ఏమవుతుందో ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్లు కాదు. అందుకే మరీ భయం. ఆ రెండేళ్లు ఇంకో నాలుగు వారాల్లో పూర్తవుతాయి.

స్కూల్లో మేం ముగ్గురం. హెడ్మాస్టరు సుబ్బారావు గారు, నేను, కోటేశ్వరమ్మ గారు. నాకు సర్వీసు విద్యలన్నీ నేర్పిన గురువు కోటేశ్వరమ్మ గారే. చేరిన వారంలోనే హెడ్మాస్టరు గారి బల్ల సొరుగు లాగి చూపించారు.

"ఇదిగో అమ్మాయ్, సెలవు చీటీ రాసి, సంతకం పెట్టి, తేదీ చోటు ఖాళీగా వదిలేసి ఇందులో పడెయ్. నువ్వు రాని రోజు పైవాళ్లెవరూ రాకపోతే చీటీ అట్టాగే ఉంటది. మర్నాడొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టుకో. వచ్చారనుకో, మేం తేదీ వేసి చూపిస్తాం."

"తప్పు కదండీ?"

"తప్పే. ఈ చుట్టుపక్కల ఏ స్కూల్లో సొరుగు లాగినా ఈ తప్పే కనపడుద్ది."

"కారణం ఏం రాయమంటారు?"

"అత్యవసరమైన సొంత పని అని రాయి. చాలు."

అక్కడ ఆగితే ఈ కథే లేదు. కానీ నేను ట్రైనింగులో ఫస్టు వచ్చినదాన్ని, నాకు బుర్ర ఉందన్న సంగతి నాకు బాగా తెలుసు. సొంత పని అంటే సినిమాకి పోయిందనుకోరూ? జ్వరమంటే చెయ్యి పట్టుకుని చూస్తారు. కాలు విరిగిందంటే కట్టు చూపించమంటారు. ఎవరూ దగ్గరికొచ్చి చూడటానికి సాహసించని జబ్బు ఏముందా అని ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో "నాకు ఆటలమ్మ పోసినందున" అని రాసి సొరుగులో పెట్టాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంకో తెలివి కూడా ఉంది నాకు. మాకు ఏడాదికి పదిహేను క్యాజువల్ లీవులు. నేను వాటిని ప్రాణంలా దాచేదాన్ని. రెండేళ్లలో ఎప్పుడైనా స్కూలు ఎగ్గొట్టాల్సి వస్తే సొరుగు చీటీయే కాపాడేది. పోయినేడాదివి పదిహేను, ఈ ఏడాదివి పదిహేను కలిపి పెళ్లికి వాడుకోవాలని నా పథకం. మా ఇంట్లో క్యాలెండరు వెనక లెక్క కూడా రాసి పెట్టుకున్నాను. పెళ్లికొడుకు ఇంకా దొరకలేదు గానీ సెలవులు మాత్రం సిద్ధంగా ఉన్నాయి.

డిసెంబరు ముప్ఫయ్యో తారీకు వచ్చింది. కొత్త సంవత్సరం పొద్దున మా చర్చిలో ఆరుగురు ఆడపిల్లలం పాట పాడాలి. ఆరుగురికీ ఒకే నీలం రంగు జాకెట్లు గుంటూరులో కుట్టడానికిచ్చాం. క్రిస్మసుకి ఇస్తానన్న టైలరు ఇవ్వలేదు. పోయి నెత్తిన కూర్చుంటే తప్ప ఇవ్వడని, ఆ పని నా మీద పెట్టారు.

"ముందుగా చెప్పి ఒక సెలవు పెట్టుకోరాదూ?" అంది అమ్మ.

"సెలవులు తేరగా వచ్చాయా అమ్మా!" అని ఆమెనే కసిరి, పొద్దున బస్సెక్కాను.

టైలరు "ఒక్క కాజా కుట్టాలమ్మా, కూర్చోండి" అంటూ మధ్యాహ్నం రెండింటిదాకా కూర్చోబెట్టాడు. జాకెట్ల మూట ఒళ్లో పెట్టుకుని, ఒక్క సెలవూ ఖర్చు కాలేదని మురిసిపోతూ తిరిగొచ్చాను. బస్సు దిగగానే సోడాకొట్టు వెంకయ్య నన్ను చూసి చేతిలో సీసా కింద పెట్టేశాడు.

"టీచరమ్మా! ఒంటికి గాలి తగలకూడదు గదమ్మా, బస్సెట్టా ఎక్కావు?"

"ఏమైంది నాకు?"

"పాపం, మతి కూడా తప్పినట్టుంది" అన్నాడు పక్కనున్నాయనతో, నాలుగడుగులు వెనక్కి వేస్తూ.

చీటీ సొరుగులోంచి బయటికొచ్చిందని అప్పుడే అర్థమైంది. పేటలోకి వచ్చేసరికి మా గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. వాకిలంతా బ్లీచింగు పౌడరుతో ముగ్గేసినట్టు తెల్లగా ఉంది. ప్రత్తిపాడు ఆస్పత్రి నుంచి వచ్చిన హెల్త్ అసిస్టెంటు, వీపుకి పంపు తగిలించుకుని, బ్లీచింగు కలిపిన మందునీళ్లు చిమ్ముతున్నాడు. మశూచి పోయిందని ప్రభుత్వం చెప్పి ఇంకా ఎంతో కాలం కాలేదు. ఒంటిమీద పొక్కు అనే మాట వింటే చాలు, ఆస్పత్రి వాళ్లకి కాళ్లు నేలమీద నిలిచేవి కాదు.

"పేషెంటు ఎవరు?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాను. కాదంటే చీటీ అబద్ధమైపోతుంది కదా!

"పొక్కులేవి?"

"ఇంకా రాలేదండీ."

"ఎప్పుడొస్తాయి?"

"రేపు... రావచ్చండీ."

అతను నన్ను ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో ఏమో, నా చేతిలోని మూట కింద పెట్టించి దానిమీద కూడా నాలుగు చిమ్ములు చిమ్మాడు. అంతలో అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. తోటలో ఎవరో చెప్పారట, కాయ కోస్తున్నది కోస్తున్నట్టే వదిలేసి వచ్చేసింది. "నా తల్లీ, పొద్దున బాగానే పోతివి కదే!" అంటూ రెండు చేతులతో నా మొహం పట్టుకుని బుగ్గలూ నుదురూ తడిమింది. పొద్దుటినుంచీ పండు మిరపకాయలు కోసిన చేతులవి.

తర్వాత ఏం జరిగిందో గుంటూరు జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మొహం భగ్గుమంది. కళ్లు మూసుకుపోయాయి. నేను గావుకేక పెట్టాను.

"ఎర్రబడుతోంది! మొదలైంది!" అని అరిచి హెల్త్ అసిస్టెంటు పుస్తకం తీసి రాసేసుకున్నాడు. "రేపు డాక్టరు గారిని పిలుచుకొస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

అతను వెళ్లాక కోటేశ్వరమ్మ గారు వచ్చారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలోనే నిలబడ్డారు.

"మీకు కూడా భయమా? చీటీ సంగతి మీకు తెలుసు కదండీ!" అన్నాను ఏడుపు గొంతుతో.

"తెలుసనుకో. కానీ నీ మొహం చూస్తుంటే నాకే అనుమానంగా ఉందమ్మాయ్."

అప్పుడు జరిగింది చెప్పారు. పదకొండింటికి స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు దిగారు. అంతకు ముందెప్పుడూ రాని మనిషి, నా ప్రొబేషన్ కాగితాల కోసమే పనిగట్టుకుని వచ్చారు. సుబ్బారావు గారు కంగారుగా సొరుగు లాగి, తేదీ వేసి, చీటీ చేతికిచ్చారు. ఆయన చదివి, కూర్చున్న కుర్చీలోంచి చటుక్కున లేచారట. ఆ కుర్చీ నాది.

"పిల్లలందరినీ ఈ పూటకి ఇంటికి పంపించేశారు. ఆస్పత్రికి కబురు పెట్టారు. అంటుజబ్బు రూలు ప్రకారం ఇరవై ఒక్క రోజులు స్కూలు గడప తొక్కకూడదన్నారు. నీ కాగితాలు మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు."

"మరి నా ప్రొబేషనో?"

"ముందు అమ్మాయిని బతకనివ్వండి అన్నారు. మంచాయన పాపం. రేప్పొద్దున మళ్లీ వస్తారు, తనిఖీ సగంలో ఆగింది కదా. నా మాట విని కిమ్మనకుండా ఇరవై ఒక్క రోజులు పడుకో."

పడుకుంటే? రేపు డాక్టరు వచ్చి చూస్తాడు. మంట తగ్గి మొహం మామూలైపోతుంది. అబద్ధపు చీటీ అని తేలిపోతుంది, పైగా హెడ్మాస్టరు గారు కూడా ఇరుక్కుంటారు. చెప్పేస్తే? ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. అమ్మ వెన్న తెచ్చి, ఈసారి గుడ్డతో, నా మొహానికి రాసింది.

"ఏందే అసలు సంగతి?" అంది.

చెప్పాను. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన చేతులకేసి కాసేపు చూసుకుంది.

"ఈ ఉద్యోగం పోతే నాతో కాయ కోతకి వద్దువుగానిలే. నేను మోసేది ఇద్దరం మోస్తాం. అబద్ధం మాత్రం ఇంట్లో పెట్టుకుని పడుకోలేనమ్మా నేను" అంది. నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున స్కూలుకి బయల్దేరాను. మొహం ఇంకా కందగడ్డలాగే ఉంది. నన్ను చూసి దారిలో జనం ఇళ్లల్లోకి దూరిపోయారు. గేటు దగ్గరికి వెళ్లేసరికి వరండాలోంచి ఇన్‌స్పెక్టరు గారు చెయ్యెత్తి అరిచారు.

"అక్కడే ఆగమ్మా! లోపలికి రావద్దు!"

ఆయనకీ నాకూ మధ్య ఆటస్థలమంతా ఉంది. రహస్యంగా చెప్పి కాళ్లమీద పడదామనుకున్న మాట గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది.

"సార్! నాకు ఆటలమ్మ లేదండీ!"

"తగ్గిందా?"

"రాలేదండీ! అబద్ధం రాశానండీ! గుంటూరు పోయానండీ! జాకెట్ల కోసం!"

ఎదురింటి అరుగుమీద ఆడవాళ్లు చాట కింద పెట్టి వింటున్నారు. మూడో తరగతి పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఊళ్లో మైకు లేని లోటు నేను తీర్చాను.

ఇన్‌స్పెక్టరు గారు రమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

"మరి ఆ మొహమేంది?"

"మా అమ్మ మిరపకాయ చేతులండీ."

ఆయన మీసం కదిలింది. కానీ నవ్వలేదు. "సుబ్బారావు గారూ, ఆ సొరుగు తియ్యండి" అన్నారు.

సుబ్బారావు గారు దేవుడికి దండం పెట్టుకుని లాగారు. అందులో ఇంకా రెండు చీటీలున్నాయి. ఒకటి కోటేశ్వరమ్మ గారిది. రెండోది హెడ్మాస్టరు గారిదే. దేనికీ తేదీ లేదు. రెంటిలోనూ "అత్యవసరమైన సొంత పని" అనే ఉంది. ఇన్‌స్పెక్టరు గారు వాటిని నాలుగు ముక్కలు చేసి, సెలవుల రిజిస్టరు తెమ్మన్నారు. నా పేజీ తీసి, కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఏమ్మా, నిన్న ఒక్క సెలవు పెట్టుకుని పోతే నీ సొమ్మేం పోయింది? పదిహేనుకి పదిహేనూ అట్టాగే ఉన్నాయే!"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ లెక్కలో తప్పు కనిపిస్తే ఊరుకోలేని టీచరుని కదా!

"పదిహేను కాదండీ, ముప్ఫై. పోయినేడాదివి కూడా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తీశారు.

"పోయినేడాదివి పోయినేడాదే పోయాయి తల్లీ. క్యాజువల్ లీవులు ఏ ఏటివి ఆ ఏటికే. డిసెంబరు ముప్ఫై ఒకటితో సరి. ఇవాళ తారీకెంత?"

గోడమీద క్యాలెండరుకేసి చూశాను. ఇంకేం చెప్పను? ఉద్యోగం పణంగా పెట్టి, ఊరంతా హడలగొట్టి, మొహం కాల్చుకుని నేను కాపాడిన సెలవు ఆ సాయంత్రానికి తనంతట తనే పోబోతోంది. దానికి తోడు ఇంకో పద్నాలుగు.

అప్పుడు నవ్వారండీ ఆయన. నవ్వి నవ్వి నా కుర్చీలోనే కూలబడ్డారు. ఆ నవ్వుతో నా ఉద్యోగం దక్కింది. ముప్ఫయ్యో తారీకుకి ఒక సెలవు రాయించారు. ఆస్పత్రికి కబురు తనే పంపారు. ఇంకోసారి తేదీ లేని చీటీ కనిపిస్తే ముగ్గురికీ మెమో తప్పదన్నారు. సెలవు రూల్సన్నీ నా గుండ్రటి అక్షరాలతో అట్టమీద రాసి గోడకి తగిలించాలని నాకు శిక్ష వేశారు. అది తగిలించాకే ప్రొబేషన్ కాగితాలు కదుల్తాయట.

"సార్," అన్నాను వెళ్లబోతూ, "పోయేవే కదండీ, ఇవాళ మధ్యాహ్నం అరపూట సెలవు..."

సంతకం పెట్టేశారు. నా జీవితంలో నిజాయితీగా వాడుకున్న మొదటి సెలవు అది.

ఆ అరపూటలో జాకెట్లు పంచుదామని మూట విప్పాను. హెల్త్ అసిస్టెంటు చిమ్మిన మందునీళ్లు రాత్రంతా నాని పనిచేశాయి. ఆరు నీలం జాకెట్ల మీదా తెల్ల తెల్ల పొక్కులు లేచాయి. వేరే జాకెట్లు లేవు, కుట్టించే టైము లేదు. మర్నాడు పొద్దున చర్చిలో అవే వేసుకుని ఆరుగురం వరసగా నిలబడి పాడాం. ముందు వరసలో మా అమ్మ పాట అయ్యేదాకా తలెత్తలేదు. ప్రార్థన చేసుకుంటోందని అందరూ అనుకున్నారు. భుజాలు కదలడం చూసి నాకు తెలిసింది, నవ్వాపుకుంటోంది.

ఆ రోజు అందరి ఎదుటా మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు రిటైరయ్యేదాకా తప్పలేదు. ఏ డిసెంబరు ముప్ఫై ఒకటి సాయంత్రానికైనా నా పేరు మీద ఒక్క క్యాజువల్ లీవు మిగిలి ఉంటే చూపించండి. చీటీలన్నిటికీ తేదీ ఉంటుంది. కారణం కూడా అన్నిట్లో ఒకటే ఉంటుంది: అత్యవసరమైన సొంత పని.