గేటు దగ్గర మూడు కార్లు

పరాయి దేశంలో మేముండే కిచెనర్ ఊళ్ళో పిట్టల వేటకు వెళ్ళే తెలుగువాళ్ళం, నాకు తెలిసినంతవరకు, ఇద్దరమే. ఒకరు రిటైరైన డాక్టరుగారు, గుంటూరు వైపు మనిషి. నేను అంకుల్ అని పిలిచేదాన్ని. రెండోదాన్ని నేను. వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనివారం తుపాకీ. కోడిగుడ్డు కూడా ముట్టని మా ఆయన "పిట్టల్ని కొట్టడమేమిటే రాక్షసీ" అని తిడుతూనే ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేవాడు.

మేం కొట్టే పిట్టను ఇక్కడ గ్రౌజ్ అంటారు. మన కౌజు పిట్టకు పెద్దన్న. పొదలో నక్కి ఉండి, మనం పక్కనుంచి దాటిపోయాక గుండె ఆగిపోయేంత చప్పుడుతో లేస్తుంది. అది కూడా ఎప్పుడు? కంచె దాటాలని తుపాకీలోంచి తూటాలు తీసిన మరుక్షణం. దానికి మన రూల్సన్నీ తెలుసని నా అనుమానం. రోజంతా నడిచి, ఒక్క ఈక కూడా లేకుండా ఇంటికొచ్చిన శనివారాలే ఎక్కువ.

ఈ వేటకు ఎక్కడా రాసిపెట్టని మర్యాదలు బోలెడు. ఇంకొకరి కుక్కకు మనం ఆజ్ఞలివ్వకూడదు. పిట్ట కిందుగా ఎగిరితే కాల్చకూడదు, కుక్కకు తగులుతుంది. మనకంటే ముందు ఎవరి కారైనా ఆగి ఉంటే నోరు మూసుకుని ఇంకో చోటు వెతుక్కోవాలి. ఇద్దరూ ఒకేసారి కాలిస్తే "పిట్ట మీదే" అని ఎదుటివాళ్ళకు వదిలెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, పొలం గలవాళ్ళు ఎవరిని రమ్మన్నారో వాళ్ళే వెళ్ళాలి. ఆ చోటు సంగతి కన్నతల్లికి కూడా చెప్పకూడదు. ఆఫీసులో మనవాళ్ళకు ఈ ముక్క ఎక్కదు. బిర్యానీ హోటల్ గురించి అడిగినట్టు "ఎక్కడ కొట్టావ్? లొకేషన్ షేర్ చెయ్" అంటారు. "ఉత్తరాన" అని చెప్పి ఊరుకునేదాన్ని.

ఇవన్నీ నాకు నేర్పింది అంకులే. మొదటిసారి తుపాకీ పట్టుకుని ప్రాక్టీసుకు వెళ్ళినప్పుడు అక్కడున్న మగవాళ్ళంతా నన్ను వింతగా చూశారు. ఆయన ఒక్కరే దగ్గరికొచ్చి, "ఏ ఊరమ్మా మనది?" అని అడిగి, నా భుజం మీద తుపాకీ సరిచేశారు. ఆయన ఈ దేశంలో ఉద్యోగం చేసినంత కాలమూ వేటాడినవారే. అయితే ఆయన తిరిగిన పొలాలన్నీ ఒక్కొక్కటిగా ఇళ్ళ ప్లాట్లయిపోయాయి. ప్రభుత్వ అడవుల్లో పడిపోయిన చెట్లెక్కి దాటడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకోవు. చివరికి మిగిలింది ఒక్క చోటు, రెండు గంటల దూరంలో ఉన్న ఆవుల ఫారం. దాని యజమానురాలు ఒంటరిగా ఉండే పెద్దావిడ. పాత ఆపిల్ చెట్లకూ పాప్లర్ చెట్ల తోపుకూ మధ్య చదునైన బండి దారి ఉంది. ఆ దారిలో తన కుక్క వెనక ఆయన నెమ్మదిగా నడవగలరు. ఆ పొలం పోతే ఆయన వేట పోయినట్టే. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ పైకి అనుకోలేదు.

అనుమతి ఇచ్చింది నాకు. నిరుడు రమ్మన్నారు కదా అని ఈ ఏడు చొరబడకూడదు కాబట్టి ప్రతి ఆగస్టులోనూ వెళ్ళి, ఆవిడ ఇచ్చిన పల్చటి కాఫీ తాగి, మళ్ళీ కొత్తగా అడిగేదాన్ని. అంకుల్‌ను తీసుకురావచ్చా అని అడిగినప్పుడు ఆవిడ కొంచెం ఆలోచించి, "సరే. మీరిద్దరు, ఒక కుక్క, ఒక కారు. గేటు మాత్రం మూయాలి" అంది.

ఆ ఏళ్ళలోనే మా ఊరికి మన దేశం నుంచి విద్యార్థులు వచ్చిపడ్డారు. ఏ బస్సెక్కినా వాళ్ళే, ఏ బేస్‌మెంటులో చూసినా ఆరుగురో ఏడుగురో. ఒక షాపులో పార్ట్‌టైమ్ ఉద్యోగాలున్నాయంటే వీధి చివరిదాకా క్యూ. ఊళ్ళోవాళ్ళ మొహాలు మారడం నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళుగా పలకరించిన పక్కింటావిడ కూడా "మీ వాళ్ళు చాలామంది వస్తున్నారు" అనడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండేది. ఎవరిమీద మండాలో మాత్రం తెలిసేది కాదు. అంకుల్‌కు ఆ గొడవే లేదు. గుడిలో కనిపించిన ప్రతి పిల్లనీ పిల్లవాడినీ ఇంటికి పిలిచి అన్నం పెట్టేవారు.

అక్టోబరులో ఒక శుక్రవారం ఆయన ఫోన్ చేసి, "రేపు నేను సెపరేట్‌గా వస్తానమ్మా, చిన్న సర్‌ప్రైజ్" అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి గేటు దగ్గర మూడు కార్లు. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల ఆపిల్ చెట్ల కింద పదిమంది పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంకో నలుగురు నల్ల జాకెట్లు వేసుకుని పాప్లర్ తోపులోకి నడుస్తున్నారు. వేట సీజన్లో మనిషన్నవాడు కనబడాలని నారింజ రంగు వేసుకుంటాం. నల్ల జాకెట్టు పొదలో ఉంటే కనబడేది కదలిక ఒక్కటే. తుపాకీ తీయకుండానే డిక్కీ మూసేశాను.

అంకుల్ మొహం వెలిగిపోతోంది. "పాపం పిల్లలమ్మా. వచ్చి ఏడాదైంది, వేర్‌హౌసూ బస్సూ బేస్‌మెంటూ తప్ప ఏం చూశారు? రంగులు మారిన ఆకులు చూపిద్దామని తీసుకొచ్చా."

"అంకుల్, ఆవిడ్ని అడిగారా?"

"అడిగేదేముంది? మనకి పర్మిషన్ ఉందిగా. వీళ్ళు మన పిల్లలేగా!"

ఏం చెప్పను? మనలో ఒకరిని భోజనానికి పిలిస్తే ఇంటికొచ్చిన చుట్టాలతో సహా వెళ్తాం. పిలిచినవాళ్ళు కూడా వాళ్ళను వదిలేసి వస్తేనే బాధపడతారు. ఈయన ఈ దేశంలో జీవితమంతా గడిపారు, వేట మర్యాదలన్నీ నాకు నేర్పారు. అయినా ఆ క్షణంలో ఆయనకు గుర్తున్నది ఆ ఒక్క మర్యాదే. ఈలోగా ఒకమ్మాయి కాగితం ప్లేటులో పులిహోర పెట్టి తెచ్చింది. "తినుండ్రి అక్కా. ఈడ మస్తుందక్కా, అమ్మకు వీడియో కాల్ల చూపించిన" అంది. దాని కళ్ళలో ఆ సంతోషం చూశాక తిట్టడానికి నోరు రాలేదు. కక్కలేక మింగలేక పులిహోర తిన్నాను.

ఇంతలో ఫారం ఆవిడ పికప్పు ట్రక్కు వచ్చి ఆగింది. తెరిచిన గేటులోంచి రెండు దూడలు రోడ్డు మీదికి పోతే తోలుకొచ్చిందట. ఆవిడ గొంతు పెంచలేదు. అంకుల్ వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది. "పొదల్లో మనుషులున్నారు. పక్క పొలంవాళ్ళు కూడా వేటకు వస్తారు. ఎవరికైనా తగిలితే అది నా పొలంలో జరుగుతుంది. ఊళ్ళో ఈ పిల్లల గురించి ఏవేవో అంటున్నారు, నేను అననుగానీ, నేను రమ్మన్నది మిమ్మల్నిద్దరినే." నేను క్షమించమన్నాను. ఆలోచించి ఫోన్ చేస్తానంది. వెనకనుంచి అంకుల్ నవ్వుతూ వచ్చి ఆవిడకు పులిహోర ప్లేటు అందించారు. ఆవిడ థాంక్యూ అని తీసుకుంది.

వేటలో తప్పు చూస్తే చిన్నా పెద్దా లేకుండా అక్కడికక్కడే చెప్పాలి. చెప్పకపోతే ప్రాణం పోవచ్చు. అది కూడా ఆయన నేర్పిందే. ఆయనకు చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చాక ఫోన్ చేసి సగం చెప్పాను. "ఆవిడ కొంచెం ఫీలయ్యారు అంకుల్. ఆలోచించి ఫోన్ చేస్తానన్నారు. అప్పటిదాకా మనం ఊరుకుందాం."

"నా వల్ల నువ్వు మాట పడ్డావా?" అన్నారు.

"అబ్బే, లేదంకుల్."

"తప్పు జరిగినప్పుడు ఎదురుగా వెళ్ళి చెప్పుకోవాలమ్మా. ఫోన్లో కాదు."

"వద్దంకుల్, ఆవిడే చేస్తారుగా" అన్నాను. ఆ వద్దు నాకే వినబడనంత మెత్తగా వచ్చింది.

మరుసటి వారం ఆదివారంనాడు ఆవిడ ఫోన్ చేసింది. "మీ డాక్టరు ఇప్పుడే వెళ్ళారు" అంది. ఆయన అక్కడికి ఒక్కరే వెళ్ళలేదు. తప్పు చేసినవాళ్ళంతా చెప్పాలి కదా అని మళ్ళీ ఆ పిల్లలందరినీ, మళ్ళీ ఆ మూడు కార్లలో తీసుకెళ్ళారు. ఈసారి గేటు దగ్గర కాదు, ఆవిడ ఇంటి వాకిట్లోకి. వాళ్ళు వరసగా నిలబడి ఒక్కొక్కరే సారీ చెప్పారు. ఒకడు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. అంకుల్ ఆవిడకు శాలువా కప్పి లడ్డూల డబ్బా చేతిలో పెట్టారు.

"మంచివాళ్ళు" అంది ఆవిడ. "కానీ అంతమంది కార్లు దిగుతుంటే ఒక్క నిమిషం భయపడ్డాను. భయపడినందుకు సిగ్గేసింది. నాకిక ఓపిక లేదమ్మా. ఎవరినీ రానివ్వదలచుకోలేదు. మిమ్మల్ని ఒక్కరినే రమ్మందామనుకున్నా, కానీ ఆయన్ని కాదని ఎలా అంటాను?"

"ఆయనకు ఇంకో చోటు లేదండీ" అన్నాను. బతిమాలాను, నిజంగానే బతిమాలాను. ఆవిడ "సారీ" అంది. ఇక్కడ రోజూ వినే మాటే అది. అయినా ఆవిడ అన్న తీరులో ఇక అడగడానికేమీ మిగల్లేదని తెలిసింది.

"ఆయనకు చెప్పారా?"

"నోరు రాలేదు. వెరీ కైండ్ అన్నాను. మీరే చెప్పండి."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే ఫోన్ మోగింది. అంకుల్. కారులోంచి. వెనక పిల్లలు పాటలు పాడుతున్నారు.

"అమ్మాయ్, అంతా సర్దుకుంది! థాంక్యూ అంది, వెరీ కైండ్ అంది. శాలువా కప్పితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పాపం. వెన్నలాంటి మనిషమ్మా. వారం రోజుల్నుంచీ నాకు నిద్రలేదంటే నమ్ము, నీకు మాటొచ్చిందని. ఇక రూల్ ప్రకారమే. నువ్వూ నేనూ, మన కుక్కా, ఒకటే కారు. శనివారం ఎన్నింటికి బయల్దేరదాం?"

వెనకనుంచి పిల్లలు "హాయ్ అక్కా" అని అరిచారు.

"ఏడింటికి అంకుల్" అన్నాను.