అర్లెన్ ఎడమ సీటు

అర్లెన్ ఓప్డాల్ పదకొండేళ్ళుగా కో-పైలట్‌గా కుడి సీట్లోనే కూర్చున్నాడు. ఎడమ సీటు కెప్టెన్‌ది. అమెరికాలో ఫార్గో నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు యాభైమందిని మోసే చిన్న విమానాల కంపెనీ అది. మంచు తుఫానులో కూడా పొయ్యి మీంచి పాలగిన్నె దించినంత పదిలంగా విమానం దించుతాడని అర్లెన్‌కి పేరు. కానీ ఆ కొలువులో పనితనాన్ని ఎవడూ పట్టించుకోడు. సెలవైనా, కెప్టెన్ సీటైనా, అంతా ఉద్యోగంలో చేరిన వరస నంబరే.

ఆ నంబరు దగ్గరే వచ్చింది తంటా. ఒకేరోజు చేరినవాళ్ళలో వయసులో పెద్దవాడికి ముందు నంబరిస్తారు. అర్లెన్‌తో ఒకేరోజు చేరిన గార్డీ లిండ్ అతని కన్నా మూడు రోజులు పెద్ద. ఆ పుణ్యాన గార్డీ ప్రతి క్రిస్మస్‌కీ ఇంట్లో ఉన్నాడు. అర్లెన్ ఏదో ఊరి హోటల్లో కాఫీ మిషన్ ముందు కూర్చుని పండగ చేసుకున్నాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులు కావడంతో మనసారా తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

ఆ ఫిబ్రవరిలో ఫార్గోలో ఒకే ఒక్క కెప్టెన్ సీటు ఖాళీ అయింది. పేరు ఇవ్వడానికైనా, తీసుకోవడానికైనా నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి గడువు. జాబితాలో గార్డీ పేరు మొదటిది, అర్లెన్‌ది రెండోది. ఈ సీటు పోతే ఇంకోటి వచ్చేసరికి తనకు యాభై దాటతాయని అర్లెన్ దిగులు. ఉన్న దారి ఒక్కటే. గార్డీని ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అందులో వాడు నెగ్గి వెళ్ళిపోవాలి.

రెండు వారాలపాటు అర్లెన్ తన భార్య కారా మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ పట్టుకెళ్ళి, గార్డీ వంటింట్లో కూర్చుని వాణ్ణి ప్రశ్నలతో తోమేశాడు. ఇంటర్వ్యూ ముందురోజు వాడి బూట్లు కూడా తుడిచాడు.

"ఒరేయ్, ఇదంతా నా మీద ప్రేమా, సీటు మీద ప్రేమా?" అన్నాడు గార్డీ.

"సీటు మీదేరా. నీ మీద ప్రేమకి బూట్లు తుడుస్తానా?"

"అక్కడ నేను అందరికన్నా అడుగున పడతాను, తెలుసా? వేలమంది నా నెత్తిన ఉంటారు."

"నాకు ఒక్కణ్ణి మొయ్యడమే కష్టంగా ఉంది. మెల్లగా నీకూ అలవాటవుతుందిలే."

శుక్రవారం పదకొండున్నరకి పైలట్ల గదిలో గార్డీకి ఫోనొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. వాడు గంతులేశాడు, తల్లికి చెప్పాడు, పెద్దమ్మకి చెప్పాడు, మూడో నంబరు నొక్కబోతుంటే అర్లెన్ ఫోను లాక్కున్నాడు.

"మీ బంధుబలగానికి తర్వాత చెబుదువు. ముందు జాబితాలోంచి నీ పేరు తియ్యరా నాయనా."

గార్డీ కంప్యూటర్ ముందు తాపీగా కూర్చున్నాడు. "పాస్‌వర్డు ఏమిటబ్బా..."

అర్లెన్ మొహం పాలిపోయింది. అది చూసి గార్డీ కడుపు పట్టుకుని నవ్వి, పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా పేరు తీసేశాడు.

జూన్‌లో ఒక సాయంత్రం అర్లెన్ మినియాపోలిస్‌లో ఎడమ సీట్లో కూర్చుని, ఫార్గోకి బయల్దేరడానికి సిద్ధమవుతున్నాడు. భుజాల మీద కెప్టెన్‌కి మాత్రమే ఉండే నాలుగో గీత ఇంకా కొత్తగా మెరుస్తోంది. విమానం నిండిపోయింది. మిగిలింది పైలట్ల వెనకుండే చిన్న సీటొక్కటే. ఇల్లు చేరాలనుకునే ఏ కంపెనీ పైలటైనా అందులో కూర్చోవచ్చు కానీ, తలుపు దగ్గర నిలబడి కెప్టెన్‌ని స్వయంగా అడగాలి. ఎంత దోస్తీ ఉన్నా అడగకుండా లోపల అడుగు పెట్టడం మర్యాద కాదు.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే గార్డీ. పెద్ద కంపెనీ యూనిఫాం, కళ్ళ కింద నల్లటి చారలు. నాలుగు రోజులు ఎక్కడెక్కడికో తిప్పి వదిలారట.

"కెప్టెన్‌గారూ, మీతోపాటు ఇంటికి రావచ్చా?"

ఇంతకాలమూ ఈ మాట అర్లెన్ అడగడమే కానీ, తనను అడిగినవాళ్ళు లేరు. కాసేపు మీటర్లు చూస్తున్నట్టు నటించాడు.

"ఏమన్నారూ?"

గార్డీకి అర్థమైంది. ఈసారి టోపీ తీసి మరీ అడిగాడు.