ఆర్డిస్ తోమిన పీపా

ఆర్డిస్ టోలెఫ్‌సన్ భూగోళాన్ని కాపాడ్డానికి ఆ ఉద్యోగంలో చేరలేదు. మొగుడు వెర్నన్ రిటైరై, టీవీలో చేపలు పట్టేవాళ్లను చూస్తూ కూర్చున్నాడు. అతని పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ తనది కాకూడదని చేరింది.

అంతకుముందు ఆమె విస్కాన్సిన్ రాష్ట్రంలో మా కౌంటీలోని చీజ్ ఫ్యాక్టరీలో తొట్లు కడిగేది. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ తొట్లలో చూసుకుని తల దువ్వుకునేవారు. ఫ్యాక్టరీ మూతపడింది. సరిగ్గా అప్పుడే మెర్లిన్ బ్రెకె డెయిరీలో యూనివర్సిటీవాళ్లు ఒక నిలువెత్తు పీపా నిలబెట్టారు.

పేడగుంటకు మూత వేసి, అందులోంచి లేచే మీథేన్‌ను ఆ పీపా అడుగునుంచి పంపుతారు. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. లోపల ప్లాస్టిక్ చక్రాల మీద పెరిగే బాక్టీరియా ఆ గ్యాస్‌ను తినేస్తుంది, లేకపోతే అది పైకి పోయి ఆకాశాన్ని కుంపటి చేస్తుంది. ఈ మాట చెప్పాల్సివచ్చినప్పుడు మావాళ్లు కొందరు చర్చిలో ఉన్నట్టు గొంతు తగ్గిస్తారు. అంత భక్తి అక్కర్లేదు. ఆవు పేడ వేస్తుంది, పేడ గ్యాస్ వదులుతుంది, తినేవి తింటాయి. నీళ్లు పడుతున్నాయో లేదో చూడటమే ఆర్డిస్ పని.

వచ్చే నెల రాష్ట్ర అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. పీపాలోంచి బయటికొచ్చే గ్యాస్ తగ్గిందని మీటర్ చూపిస్తే ఉంచుతారు, లేకపోతే ఊడబీక్కుపోతారు. దాంతోపాటు ఆర్డిస్ ఉద్యోగమూ పోతుంది.

"కాస్త నీటుగా ఉంచండి ఆర్డిస్ గారూ," అంది యూనివర్సిటీ నుంచి వారానికోసారి వచ్చే టెస్.

ఆ మాట ఆర్డిస్‌తో అనకూడదు. పై వారం టెస్ వచ్చేసరికి పీపాలోని చక్రాలు కొత్త పళ్లసెట్టులా మెరుస్తున్నాయి. మీటర్ ముల్లు మాత్రం కిందికి దిగడం లేదు. లోపలికెళ్లిన గ్యాసంతా అలాగే బయటికొస్తోంది.

"ఏం చేశారండీ?"

"ఏం చేయడమేమిటమ్మాయ్! వేలెడు మందాన జిగట పేరుకుపోయింది. నీకేమో చదువుల గోల, పట్టించుకోవు. మొత్తం గీకి, వేణ్నీళ్లతో తోమాను."

టెస్ బోర్లించిన బక్కెట్ మీద కూలబడింది. "ఆ జిగటే అవి."

"ఏవి?"

"గ్యాస్ తినేవి."

ఆర్డిస్ తన చేతులకేసి చూసుకుంది. పక్కనే ఉన్న మెర్లిన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. మా దగ్గర అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"గీకింది పారబోశారా?" టెస్ లేచి నిలబడింది.

"పారబోస్తానా! నేనేమన్నా దుబారా మనిషినా? ఐస్‌క్రీం డబ్బాల్లో ఇంటికి పట్టుకెళ్లి పెరట్లో రూబార్బ్ మొక్కల పాదులో వేశాను."

ముగ్గురూ మెర్లిన్ ట్రక్కెక్కి ఆర్డిస్ ఇంటికి పరుగుతీశారు. పాదులో జిగట ఎండకు అప్పడంలా పెళుసెక్కింది. టెస్ ఒక ముక్క వేలితో నలిపి తల అడ్డంగా ఊపింది.

"ఒక డబ్బా మిగిలింది," అంది ఆర్డిస్ ఉన్నట్టుండి. "మెట్టు మీద పెట్టాను." మెట్టు మీద లేదు. "వెర్నన్! ఇక్కడ డబ్బా ఏమైంది?"

"గ్రేవీయా? ఎండలో పాడైపోతుందని ఫ్రిజ్‌లో పెట్టాను," అన్నాడు వెర్నన్, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

టెస్ ఫ్రిజ్ తలుపు తెరిచి మూత తీసింది. జిగట తడిగా, చల్లగా, పైన చెంచా గాడితో ఉంది.

"తిన్నావా?" అంది ఆర్డిస్.

"బంగాళాదుంపల మీద కొంచెం వేసుకున్నాను."

"అది పేడగుంట సరుకయ్యా, మహానుభావా!"

"నాకూ కాస్త తేడాగానే అనిపించింది."

"మరి చెప్పవేం? నాలుగు రోజులైంది కదా!"

"నువ్వు చేశావనుకున్నాను," అన్నాడు వెర్నన్ నొచ్చుకుంటూ. "వండిపెట్టినదానికి వంక పెడతానా?"

ఆ సంసారంలో అన్నేళ్లుగా ఎవరూ వంటకు వంకపెట్టలేదు. పెట్టి ఉంటే ఆ డబ్బా ఆ రాత్రే సింకులో ఖాళీ అయ్యేది. టెస్ డబ్బాను పసిపాపలా ఒళ్లో పెట్టుకుని ట్రక్కెక్కింది, వెర్నన్‌కు డాక్టర్ నంబరిచ్చి మరీ. అతను ఆ నంబరు వాడలేదు. ఆకలి మాత్రం పెరిగిందన్నాడు.

ఆ జిగటను మళ్లీ చక్రాలకు పట్టించారు. ఆర్డిస్ రోజూ వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, మురికి పెరగడం చూస్తూ నిలబడేది. అంత కష్టమైన పని జీవితంలో చేయలేదని నాతో అంది. మీటర్ ముల్లు రోజురోజుకీ కాస్త కాస్తగా దిగడం మొదలెట్టింది.

అధికారులు వచ్చేనాటికి సగం దాకా దిగింది. అది చాలన్నారు, పీపా ఉంచుతామన్నారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన పీపాకున్న కిటికీ అద్దంలోంచి తొంగిచూసి, "లోపల కాస్త మురికిగా ఉందే," అన్నాడు.

ఆర్డిస్ చేయి ఏప్రన్ జేబులోని గుడ్డ మీదికి వెళ్లి ఆగిపోయింది.

"మురికి కాదండీ," అంది పళ్లు బిగబట్టి. "సిబ్బంది."

ఇంటికెళ్లి, ఫ్రిజ్‌ను లోపలా బయటా రెండుసార్లు తోమింది.