నవ్వులో మరిచిపోయిన తల్లి

మా తెలుగు టీచరుగారు పోయారని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే తెలిసింది. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆవిడా, చెల్లెలుగారూ పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండేవారు. ఏలూరులో ఆ చిన్న ఇంట్లో ఇప్పుడు చెల్లెలుగారు ఒక్కరే మిగిలారు.

రిటైరయ్యాక టీచరుగారు ఒక నవల రాశారు. దాన్ని టైపు చేసింది నేనే. అదే ఊళ్లో, పవర్‌పేటలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. ప్రూఫులు చూడడానికి ఆవిడ స్కేలు తెచ్చుకునేవారు. ఒక్కో వరుస కింద దాన్ని జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ చదివేవారు. "చదివేవాళ్లకి ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడే కామా పెట్టమ్మా" అనేవారు.

మీలో కొందరు ఆ నవల చదివే ఉంటారు. కొల్లేరు పక్కన చేపల చెరువులో పడి చనిపోయిన కుర్రాడు దెయ్యమై వస్తాడు. వాడు సైకిలు మీద తిరిగే ఒక నర్సమ్మకి మాత్రమే కనిపిస్తాడు. తనని తోసిందెవరో ఆవిడ సాయంతో వెతుకుతూ ఆవిణ్ణే ప్రేమిస్తాడు. దెయ్యమైనా మర్యాద వదలడు. గోడలోంచి దూరే ముందు కూడా "ఏవండీ, రావచ్చాండీ?" అని అడుగుతాడు. కుక్కలంటే భయం. టైపు చేస్తూ నేను నవ్వుతుంటే జిరాక్సులకి వచ్చినవాళ్లు వింతగా చూసేవారు.

లోపాలూ ఉన్నాయి. హంతకుడెవరో మూడో అధ్యాయానికే తెలిసిపోతుంది, ఊరంతటిలో 'అండీ' అనకుండా మాట్లాడేవాడు వాడొక్కడే కాబట్టి. ఇక ప్రేమ సంగతి. వాళ్లిద్దరూ దగ్గరగా కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు టీ పట్టుకొచ్చేస్తారు. ఆ మాట అంటే టీచరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "అంతకంటే రాయడం నావల్ల కాదులే" అన్నారు.

అసలు లోపం మా ఇద్దరికీ తోచలేదు.

పుస్తకం వచ్చిన కొన్నాళ్లకి మండవల్లి నుంచి ఒకావిడ టీచరుగారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ కొడుకు చెరువు గట్టు మీద కాలుజారి, నీళ్లలో పడి పోయాడట. ఆ మాట వినగానే టీచరుగారు లేచి నిలబడ్డారు.

"కూర్చోండి, తప్పు పట్టడానికి రాలేదండీ. మావాడు పోయాక నేను నవ్వింది మీ పుస్తకం చదివేనండీ. ఒక్కటే అడుగుదామని వచ్చాను. ఆ అబ్బాయి ఊరంతా తిరుగుతాడు కదండీ. వాళ్లమ్మ దగ్గరికి ఎందుకు వెళ్లలేదండీ?"

టీచరుగారు మెల్లగా కూర్చున్నారు. "నాకు తోచలేదండీ" అన్నారు చివరికి.

ఆవిడ వెళ్లాక టీచరుగారు నా మొహం చూడలేకపోయారు. "నవ్వించడం వచ్చు కదా అని చచ్చిపోయినవాణ్ణి వాడేసుకున్నానమ్మా" అన్నారు. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పుస్తకంలో ప్రతి అక్షరం నా వేళ్ల కిందనుంచే వెళ్లింది. ఒత్తులు, దీర్ఘాలు వెతికాను గానీ, వాడికి ఒక తల్లి ఉంటుందని నాకూ గుర్తు రాలేదు.

రెండో అచ్చుకి తల్లి అధ్యాయం రాయాలని కూర్చున్నారు. రాసిందల్లా ఏడుపుగొట్టుగా ఉందని చించేసేవారు. ఆఖరికి నన్ను తోడు తీసుకుని బస్సులో మండవల్లి వెళ్లారు. "మీవాడే వస్తే ఏమంటాడండీ?" అని మొహమాటపడుతూ అడిగారు.

"ఏముందండీ, అన్నం పెట్టమంటాడు. పెట్టాక కూరలో ఉప్పు లేదంటాడు" అన్నారు ఆవిడ. అని నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు.

అదే రాశారు టీచరుగారు. కొడుకు వంటింట్లో కూర్చుని కూర బాగాలేదని సణుగుతాడు. తల్లికి వినపడదు. అయినా ఎందుకో లేచి కూరలో ఇంకాస్త ఉప్పు వేస్తుంది. పుస్తకం మొత్తంలో నవ్వూ ఏడుపూ కలిసొచ్చే చోటు అదొక్కటే.

అయినా ఆ సిగ్గు ఆవిణ్ణి వదల్లేదు. ఎవరైనా మెచ్చుకుంటే "మీరు చదివింది మొదటి అచ్చు కాదు కదండీ?" అని కంగారుపడేవారు. అత్తిలిలో ఒక చుట్టాలింట్లో పాత ప్రతి కనిపిస్తే, అక్కడే బతిమాలి తీసుకుని కొత్తది పంపారు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక టీచరుగారి ఇంటి ముందు షామియానా కింద పాత విద్యార్థులం చేరాం. మండవల్లి ఆవిడా వచ్చి మాతోనే కూర్చున్నారు. ఎవరో, నవలలో ఆ దెయ్యం కుర్రాడు కుక్కని చూసి చెట్టెక్కిన ఘట్టం చెప్పారు. ఇంకొకరు అందుకున్నారు. చావింట్లో ఉన్నామని మరిచిపోయి అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మండవల్లి ఆవిడ మా మధ్యనుంచి లేచారు. చెల్లెలుగారు మెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఆవిడ అక్కడ ఉన్నారన్న ధ్యాస మాకెవరికీ లేదు. మండవల్లి ఆవిడ వెళ్లి పక్కన కూర్చున్నారు. మా నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. షామియానా అంచు దాటి చెల్లెలుగారి పాదాల మీద ఎండ పడుతోంది. మండవల్లి ఆవిడ వంగి, తన కొంగు లాగి, ఆ పాదాల మీద కప్పారు.