గోదావరిలో కలపకూడనివి

మంథనిలోని మా సత్సంగానికి ఒక ఆనవాయితీ ఉంది. చెదలు పట్టిన దేవుడి పటాలు, ముక్కు విరిగిన విగ్రహాలు ఇంట్లో ఉంచుకోము. కార్తీకంలో ఒకరోజు అందరం వాటిని మూటగట్టుకుని గోదావరికి పోయి, దండం పెట్టి నీళ్లలో వదిలేస్తాం. అలా పాడై భిన్నమైనది ఇంట్లో ఉంటే పూజ చెల్లదని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. నేను చేసిన తప్పు ఆ నమ్మకంలో లేదు. దాన్ని తీసుకుపోయి పెట్టకూడని చోట పెట్టడంలో ఉంది.

కరీంనగర్‌లో నా ఉద్యోగం కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం. పొద్దున పూజ అయ్యాక గంటసేపు ఇంకో పని చేసేవాణ్ని. ఒక ప్రోగ్రామింగ్ భాషకు ఇంగ్లీషులో ఉన్న వివరణ పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చి ఇంటర్నెట్‌లో పెట్టడం. ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీ: అది ఏం చేస్తుంది, ఎలా వాడాలి. సేవ అనుకునేవాణ్ని. స్నానం చేయకుండా ఆ పని ముట్టలేదు.

ఆ భాషకు కొత్త రూపం వచ్చినప్పుడు పాత ఆదేశాలు కొన్ని తీసేశారు. ఇంగ్లీషు పుస్తకంలో వాటి పేజీలు మాత్రం అలాగే ఉంచి, 'ఇది ఇక పనిచేయదు, బదులుగా ఫలానాది వాడండి' అని పైన రాశారు. నాకది నచ్చలేదు. పనికిరానిది పుస్తకంలో ఎందుకు, కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్నే పట్టుకుని చెడిపోతారు అనుకున్నాను. ఒక ఏకాదశి నాడు ఉపవాసం ఉండి, తెలుగులోని ఆ పేజీలన్నీ తీసేశాను. ఇల్లు కడిగినంత హాయిగా అనిపించింది.

మరుసటి ఎండాకాలం గోండు గూడేల నడుమ ఉన్న జైనూర్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి బడిలో పంతులు. నా తెలుగు పేజీలు చూసే ప్రోగ్రాములు నేర్చుకున్నాడు. గుట్ట మీది గూడెంలో ఒక ముసలవ్వ చెప్పే గోండు మాటలు, ఆకుల పేర్లు, గడ్డల పేర్లు అర్థాలతో సహా దాచడానికి ఒక చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసుకున్నాడు.

"అన్నా, ఒకటడుగుత, నవ్వద్దు. మాటలను వరుసల పెట్టే ఆదేశం ఒకటుండె గదా? గది నిజంగ ఉండెనా, నేనే కలగన్ననా?"

"ఉండె. తీసేసిండ్రు. దాని జాగల వేరేది వచ్చింది."

"మరి దాని పేజీ?"

"పేజీ నేనే తీసేసిన."

పంతులు నవ్వాడు. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది.

"మంచిగ చేసినవన్నా! బడిల కంప్యూటర్‌కు కొత్తది ఎక్కించిండ్రు, నా ప్రోగ్రాం ఆగింది. నీ పుస్తకంల దేవులాడితే దాని పేరే లేదు. నేను నేర్చుకున్నదే తప్పేమో అనుకున్న. మొత్తం తప్పే రాసిన్నేమో అని మూసి పెట్టిన. మూడు నెలలాయె."

"మరి అవ్వ?"

"బిడ్డ దగ్గరికి కిన్వట్ వోయింది. 'రాస్తలేవు గదా సారూ, నేనీడ కూసొని ఏం జెయ్యాలె' అన్నది. ముసలిపానం. మళ్ల వస్తదో, రాదో."

ఆ ఆదివారం మంథనికి పోయి, సత్సంగంలో మాకు పురాణం చెప్పే పెద్దాయనతో జరిగింది చెప్పాను. ఆయన ధర్మశాస్త్రం తెచ్చి నా ముందు తెరిచారు. ఎప్పటివో యజ్ఞాలు. ఏ కట్టెలు తేవాలి, ఏ మంత్రం ఎప్పుడు చదవాలి, అంతా ఉంది. తర్వాత ఒక్క మాట: కలియుగంలో ఇవి చేయరాదు.

"మా తాతలు చెయ్యలే, నేను చెయ్యలే. అయినా ఒక్క ఆకు చింపినమా?" అన్నారు. "ఎన్కటోడు చేసింది అబద్ధం గాదని ముందుముందు వచ్చేటోనికి ఎరుకుండాలె. విగ్రహం వేరురా, గ్రంథం వేరు. విరిగిన విగ్రహాన్ని గంగల కలుపుతం. గ్రంథాన్ని కలుపుతరా? ఇన్నేండ్లు నా ముంగట కూసొని ఏం విన్నవ్?"

అది నాకు తెలియని సంగతి కాదు. ఆ భాగాన్ని ఆయన నా చేతే ఎన్నోసార్లు చదివించారు. ఒక్క శ్లోకం చదవని ఇంగ్లీషు పుస్తకంవాళ్లు శాస్త్రం చెప్పినట్టే చేశారు. తప్పింది నేను.

తీసేసిన పేజీలన్నీ తిరిగి పెట్టాను. ప్రతి పేజీ పైన ఆ ఆదేశం ఎప్పటి నుంచి పనిచేయదో, ఎందుకో, బదులుగా ఏది వాడాలో రాశాను. కింద ఇంగ్లీషులో లేని మాట ఒకటి చేర్చాను: 'ఇదివరకు మీరు దీన్ని వాడి ఉంటే, మీరు నేర్చుకున్నది తప్పు కాదు.'

అది చూసి పంతులు ఒక్క పూటలో ప్రోగ్రాం సరిచేసుకున్నాడు. "నడుస్తుందన్నా. ఇగ అవ్వ రావాలె," అన్నాడు.

వానాకాలం గడిచింది. అవ్వ రాలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు నా క్షమాపణ కంటే ముందు ఆమె రాకను అడుగుతున్నాను. అవ్వ చెప్పిన మాటలతో పంతులు పంపిన జాబితా నా దగ్గర ఉంది. చివరి వరుసలో ఏదో ఆకు పేరుంది. దాని పక్కన అర్థం రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది.