కొమురయ్య మానేసిన పగటి మాత్రలు

మా చర్చి సంఘంలో కొమురయ్య కథను సాక్ష్యంగా ఇప్పటికీ చెబుతుంటారు. చావు దగ్గరికొచ్చినా అతడు విశ్వాసంతో మందులు పక్కన పెట్టాడట, చివరి రోజులన్నీ ప్రార్థనలోనే గడిపాడట. దేవుడిచ్చిన కొద్ది కాలాన్ని ఎలా వాడుకోవాలో అతణ్ణి చూసి నేర్చుకోవాలట. నేర్చుకోవాల్సిందే, కాదనను. కానీ జరిగింది అది కాదు. ఆ ఇంటికి రోజు విడిచి రోజు వెళ్లిన నర్సును నేనే.

కరోనా తగ్గిన రెండో ఏడు అది. సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి తరఫున పాలియేటివ్ కేర్ చూసేదాన్ని. జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి, ఆయాసం, పుండ్లు చూసుకునే పని. కొమురయ్య ఉండేది డిండోలి పేటలో, మూడో అంతస్తులో ఒకే గది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లు ఉధ్నాలో సాంచాలు, అంటే పవర్‌లూమ్స్, నడిపాడు. బాప్తిస్మం తీసుకుని ఎనిమిదేళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నుకు పాకింది. డాక్టరు నెల, మహా అయితే రెండు నెలలు అన్నాడు. ఆ మాట దాచొద్దని అడిగి మరీ చెప్పించుకున్నాడు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. వాటిని నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. లేచిన నొప్పిని దించడం చాలా కష్టం. ఇది అతడికీ, భార్య లచ్చవ్వకీ విసుగొచ్చేదాకా చెప్పాను.

రెండో వారం ఒక ఉదయం పెయిన్ స్కోర్ అడిగాను. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో రోగే చెప్పాలి. "రెండు" అన్నాడు. నుదుటి నిండా చెమట, నాడి నూట పది. తలగడ పక్కనున్న డబ్బా తీసి లెక్కపెట్టాను. పద్దెనిమిది మాత్రలు ఎక్కువున్నాయి. ఆ డబ్బా ఇచ్చి తొమ్మిది రోజులు, అంటే రోజుకు రెండేసి మానేశాడన్నమాట.

లచ్చవ్వ పని మీద బయటికి వెళ్లింది. అదే సమయానికి మా పాస్టరు గారు నలుగురితో కలిసి ప్రార్థనకు మెట్లెక్కి వస్తున్నారు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను.

"అయ్యగారూ, మాత్రలు మానమని మీరేనా చెప్పింది?"

"నేనెందుకు చెప్తనమ్మా? నేనే పొద్దుగాల షుగర్ గోలీ మింగి వచ్చిన."

"మీరు కాకపోతే మీ వెనకున్నవాళ్లు చెప్పుంటారు" అని గొంతు పెంచాను. మూడు అంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి.

లోపల్నుంచి కొమురయ్య పిలిచాడు. "సిస్టరమ్మా, జర లోపలికి రా. గాయన మీద గిట్ల ఎగబడుతవేంది? నేనే మానేసిన."

"ఎందుకన్నా?"

"ఏస్కుంటే నిద్ర. పది గంటల గోలీ ఏస్కుంటే పొద్దు గూకినంకనే తెలివొచ్చుడు. గప్పటికి ఆమె పని అయిపోతది."

లచ్చవ్వ పని ధాగా కటింగ్. ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు ఇంట్లో కూర్చుని కత్తిరించడం. కిటికీలోంచి వెలుతురు బాగా పడేది పదకొండు నుంచి మూడింటి దాకానే. ఇక సాంచాలు నడిపినన్నాళ్లూ కొమురయ్యది పన్నెండు గంటల పాలీ, అంటే షిఫ్టు, పదిహేను రోజులు పగలు, పదిహేను రోజులు రాత్రి. పగటి పాలీలో ఇంట్లో ఉండేవాడు కాదు, రాత్రి పాలీలో పగలంతా నిద్రపోయేవాడు.

"పగటిపూట ఆమె ఎట్లుంటదో నేను చూసిందే లేదు" అన్నాడు. "ఇప్పుడు పక్కన కూసొని నేను గూడ దారాలు కత్తిరిస్తున్న. చీరె కోస్తున్నవని తిడుతది. ఇరవై ఆరేండ్లు బట్ట నేసినోనికి కత్తెర పట్టుడు రాదంట. ఎన్ని ముచ్చట్లు చెప్తదో. గిన్ని ముచ్చట్లున్నయని నాకు తెల్వదు."

పాస్టరు గారు మంచం అంచున కూర్చున్నారు. "ఉన్న టైమంత దేవుని సన్నిధిల గడపాలె గని, దారాలు కత్తిరించుకుంట కూసుంటవా కొమురయ్యా?"

"లేస్తనే ప్రార్థన చేస్కుంటున్న అయ్యగారూ. కాలాన్ని పోనియ్యొద్దని మీరే చెప్తిరి. నేను పోగొట్టుకున్నది గీ పగలే గద."

నాకు ఇంకా కోపం తగ్గలేదు. "దానికి నొప్పి భరించడమెందుకన్నా? నాకు చెబితే మందు మార్పించేదాన్ని కదా!"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. నొప్పి, నిద్ర, ఆకలి, విరేచనం అన్నీ అడిగాను. అతడికి ఏ వేళ కావాలో అడగలేదు.

డాక్టరుతో మాట్లాడాను. పగటి డోసు తగ్గించి, వెన్ను నొప్పికి వేరే మందు కలిపారు. పడుకునే ముందు డోసు పెంచారు. మధ్యలో ఉన్నట్టుండి లేచే నొప్పిని బ్రేక్‌త్రూ పెయిన్ అంటాం, దానికి విడిగా చిన్న డోసు ఉంచాం. నాలుగో రోజుకు మత్తు తగ్గింది. పాస్టరు గారే ప్రార్థనను సాయంత్రం ఆరింటికి మార్చారు. ఆ తర్వాత కొమురయ్యకు ఇంకో ఇరవై మధ్యాహ్నాలు దొరికాయి. చివరిసారి అడిగినప్పుడు కూడా స్కోర్ రెండే అన్నాడు. ఈసారి నాడి చూసి నమ్మాను.

అప్పట్నుంచి నా ఫారంలో అచ్చువేసిన ప్రశ్నల కింద ఒకటి చేత్తో రాసుకుంటున్నాను: మీకు ఏ వేళ మెలకువ కావాలి? ఒకాయన కొళాయిలో నీళ్లు వచ్చే వేళ అన్నాడు. ఎందుకని అడగలేదు, మందు వేళ మార్పించాను. మన రోజులు దేవుడిచ్చినవేనని నేనూ నమ్ముతాను. పక్కనున్న మనిషిని ఇచ్చింది కూడా ఆయనే కదా. ఆమె దగ్గర కూర్చుంటే ఆయనకు దూరమైనట్టు ఎలా అవుతుంది?

సంఘంలో చెప్పే కథకు మొదలు నేనే. ఆ రోజు నా అరుపు విన్నవాళ్లు మిగతాది అల్లుకున్నారు. అది విని రేపు ఇంకెవరైనా మాత్రలు మానేస్తే ఎవరిది పాపమని పాస్టరు గారితో ఎన్నోసార్లు గొడవపడ్డాను. "నీతోని గెలువలేమమ్మా" అంటారు, ఆ కథ చెప్పేవాళ్లను మాత్రం ఆపరు.

నాకు తెలియనిది ఒకటే. ఆ తొమ్మిది రోజులూ లచ్చవ్వ అతడికి మూరెడు దూరంలోనే కూర్చుంది. చీర వెనక వెంట్రుకంత దారాన్ని కూడా వదలని మనిషి. ఎవర్నైనా ఏదైనా మొహం మీదే అడిగేసే నేను ఆమెను ఇది మాత్రం అడగలేకపోయాను. అతడి నుదుటి మీది చెమట ఆమెకు కనబడలేదా, లేక ఆ మధ్యాహ్నాలు తనకూ కావాలని చూసీ ఊరుకుందా?