శ్యామలమ్మ కొసరు

కొసరు లేకుండా శ్యామలమ్మ ఏ సరుకూ ఇంటికి తెచ్చి ఎరగదు. కందిపప్పు కొంటే పైన పిడికెడు పప్పు, మిరపకాయలు కొంటే పైన నాలుగు కాయలు, ఏమీ కొనకపోతే ఇంత దూరం నడిచొచ్చినందుకు ఒక ఉల్లిగడ్డ. కేతేపల్లి అంగట్లో ఆమె అడుగు పెట్టిందంటే తక్కెడ పట్టుకున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. తూకం ఎంతైనా ఒప్పుకునేది, ధరకు కూడా ఎక్కువ గొడవ పెట్టేది కాదు. అంతా అయిపోయి షావుకారు హమ్మయ్య అనుకునే సమయానికి మాత్రం కొంగు చాపి నిలబడేది.

ఈ సంగతి కోడలు రాజమణికి పెళ్లిమాటల నాడే తెలిసింది. రాజమణిది నార్కట్‌పల్లి. వాళ్లదీ మగ్గం ఇల్లే. మాటలన్నీ కుదిరాయి, తాంబూలాలు పుచ్చుకున్నారు, మగపెళ్లివారు లేచి చెప్పులు కూడా తొడుక్కున్నారు. శ్యామలమ్మ ఒక్కతే చాప మీదనుంచి లేవలేదు. ఇంకేమైనా లోటు జరిగిందా అని రాజమణి తండ్రి చేతులు నలుపుకుంటూ అడిగాడు.

"లోటేం లేదన్నా. అన్నీ మంచిగయినయి. గని, కొసరేది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. వాకిట్లో గింజలు ఏరుకుంటున్న కోడిపెట్ట కనబడింది. దాన్నే పట్టి చేతిలో పెట్టాడు. శ్యామలమ్మ దాన్ని బరువు చూసుకుని, పిల్ల కాపురానికి వచ్చేనాడు తెస్తే చాలని తిరిగి ఇచ్చేసింది. ఆ విధంగా రాజమణి అత్తవారింటికి ఒళ్లో కోడిపెట్టను పెట్టుకుని బండి దిగింది. దారి పొడుగునా అది ఆమె గాజులను పొడుస్తూనే ఉంది.

ఇంట్లో పొదుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతపండు మొదటి పిసుకుడు చారుకు, రెండో పిసుకుడు పచ్చిపులుసుకు, మూడో పిసుకుడు ఇత్తడి చెంబు తోమడానికి. నూనె కుండ ఖాళీ అయితే అందులో జొన్నపిండి వేసి గోడలన్నీ తుడిచి ఆ పిండితోనే రొట్టె కొట్టేది. వంకాయ తొడిమలు కూరలోనే ఉడకాలి. పప్పులో ఎన్ని నీళ్లు పోయాలో ఆమెకే తెలుసు, ఎన్ని పోసిందో గిన్నె చూసినవాళ్లందరికీ తెలుసు. పుట్టింట్లో చెయ్యి నిండా పప్పు కలుపుకుని తిన్న రాజమణి ఒకసారి ఉండబట్టలేక మొగుడు పరమేశ్వర్‌తో మొరపెట్టుకుంది. అతను మగ్గం మీద నాడె విసరడం ఆపకుండానే, "చిన్నప్పుడు నేను పప్పంటే తాగేదనుకున్న" అన్నాడు. ఆ తర్వాత రాజమణి అతనితో ఆ మాట ఎత్తలేదు.

అయితే జొన్నరవ్వతో కాచే గటక దగ్గర ఎవరి కడుపూ మాడేది కాదు. గటకను మాత్రం కడుపునిండా పెట్టేది.

కొసరు పిచ్చి సరుకులతో ఆగితే బాగానే ఉండేది. ఒకసారి ఊళ్లోకి ఒగ్గు కథ చెప్పేవాళ్లు వచ్చారు. కథ అయిపోయింది, మంగళం పాడారు, డోలు మూటగట్టారు. ఇంటింటికీ గింజలకు వచ్చినప్పుడు శ్యామలమ్మ చేట నిండా జొన్నలు పోసి, కథకు కొసరేదని అడిగింది. పెద్ద కళాకారుడు బిత్తరపోయి, చనిపోయిన రాజును మళ్లీ లేపి, ఆయనకు ఇంకో పెళ్లి చేసి మరీ వెళ్లాడు.

రాజమణి అలాంటి ఇంట్లో ఉండగా నిజాం రాజ్యం చివరి ఎండాకాలం వచ్చింది. ఇండియన్ యూనియన్ వాళ్లు సరిహద్దులు మూసేశారు. నూలు రాక మగ్గాలు సగం పడుకున్నాయి. దీపాలకు గ్యాసునూనె లేదు. అన్నిటికన్నా ఉప్పు కరువైంది. ఊరి కిరాణ దుకాణం బుచ్చయ్య ఉప్పు సంచిని దేవుని పటాల వెనక దాచి, అడిగినవాళ్లకు మందు పొట్లం కట్టినట్టు కట్టి ఇచ్చేవాడు. శ్యామలమ్మ ఆ పొట్లం తీసుకుని కొంగు చాపింది. వెనక రాజమణి సిగ్గుతో గోడవైపు తిరిగింది.

"ఉప్పుకు కొసరెక్కడిది శ్యామలమ్మా? నా ఇంట్ల చారే చప్పగుంది" అన్నాడు బుచ్చయ్య.

"నేను ఎక్కువ అడిగిన్నా సావుకారీ? చెయ్యి దులుపు. చెయ్యికి అంటిందే చాలు."

బుచ్చయ్య చెయ్యి దులిపాడు. తర్వాత తక్కెడ చిప్ప దులపమంది. తర్వాత ఉప్పు తోడిన చిప్ప. సంచి మూతి కూడా ఒకసారి దులపమంటే బుచ్చయ్య రెండు చేతులూ జోడించాడు.

రాజమణికి ఈ కొసరు మీద ఒక అనుమానం ఉండేది. కొన్న సరుకులు తిన్నగా వంటింటి కుండల్లోకి వెళ్లేవి. కొసరు మాత్రం శ్యామలమ్మ కొంగు ముడిలో ఉండిపోయేది. ఆ ముడి ఎవరి ఎదుటా విప్పేది కాదు. మరునాడు పొద్దున్నే గంప ఎత్తుకుని కట్టెలకని గుట్టకు పోయేది. కట్టెలు కొనడం దండుగని ఆమె వాదన. ఎండ ఎక్కాక తిరిగి వచ్చేసరికి గంపలో నాలుగు పుల్లలుండేవి, కొంగున ముడి ఉండేది కాదు. తిరుమలగిరిలో ఇచ్చిన ఆడబిడ్డ అరుణమ్మకు ఎవరి చేతనో పంపుతోందని రాజమణి తేల్చుకుంది. కోడలికి నీళ్లపప్పు, కూతురికి కొసరుపప్పు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు గటక గొంతు దిగేది కాదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే గుట్ట కింది గూడెంలో గుడిసెలు తగలబడ్డాయి. గూడెం మగవాళ్లు దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి దళాల్లోకి పోయారని రజాకార్లు వచ్చి చేసిన పని. మిగిలిన ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఎటు పోయారో ఎవరూ చెప్పుకోలేదు. తెలిసినవాళ్లు అసలే చెప్పుకోలేదు. ఊళ్లో పోలీసు క్యాంపు పడింది. దానికో జమేదారు. ఒకనాడు పొద్దున అతను ఊరందరినీ చావడి ముందుకు పిలిపించాడు.

గుట్ట మీద బండల చాటున మూడు రాళ్ల పొయ్యి దొరికిందట. మనుషులు దొరకలేదు, బట్ట మూట ఒకటి దొరికింది. జమేదారు దాన్ని నేల మీద విప్పాడు. ఇంత కందిపప్పు, ఇంత పెసరపప్పు, పొడుగు మిరపకాయలు కొన్ని, పొట్టి మిరపకాయలు కొన్ని, చింతపండు ముక్క, చిటికెడు ఉప్పు. సంఘపోళ్ల పెండ్లాం పిల్లలకు ఎవరో తిండి మోస్తున్నారని, ఆ ఇంటికి తాళం పడుతుందని, మగ్గం విరుగుతుందని, మోసిన మనిషి నల్లగొండ జైలుకు పోతుందని అతను చెప్పాడు.

రాజమణి ఆ మూటనే చూస్తూ నిలబడింది. అందులో ఏదీ పిడికెడుకు మించి లేదు. ఏ రెండూ ఒక దుకాణంలో కొన్నట్టు లేవు. అలా పిడికెళ్ల లెక్కన సరుకు పోగుచేసే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే ఉంది.

రోజూ గుట్టకు పోయేదెవరని జమేదారు అడిగాడు. శ్యామలమ్మ తానే ముందుకు వచ్చి, కట్టెలకు పోతున్నానని చెప్పింది.

"సచ్ బోలో, నిజం చెప్పండి. ఈ ముసలి బుడ్డీ వాళ్లకు తిండి పెడుతుందా?" అని అతను ఊరివాళ్లను అడిగాడు.

ముందు నవ్వింది బుచ్చయ్య. భయంలో కూడా ఆపుకోలేకపోయాడు. "ఈమెనా సాబ్? ఈమె ఒకరికి పెట్టుడా? నా తక్కెడ దులిపించుకుని పోయే మనిషి సాబ్" అని తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆ తర్వాత జనానికి ధైర్యం వచ్చింది. గాజుల సావిత్రమ్మ, తాను గాజులు తొడిగిన ప్రతిసారీ పగిలిన ముక్కలు కూడా కొసరు కింద పోతాయని చెప్పింది. ఎముకలు కట్టే పర్వతాలు అయితే ముందుకే వచ్చాడు. "చెయ్యి విరిగితే కట్టు కట్టిన సాబ్. బాగున్న చెయ్యికి గూడ కొసరు కింద ఇంత మందు రాయమన్నది."

ఒక్కొక్కరూ తిడుతుంటే శ్యామలమ్మ మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. అంత మందిలో తనను అంత పొగిడిన రోజు ఇంకొకటి లేనట్టు తల ఊపుతూ విన్నది. జమేదారు మీసం కింద కూడా నవ్వు కదిలింది. కానీ తెలివిగలవాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఇంత కొసరు తెస్తుంది కదా. అది ఏమయితది?"

అప్పటిదాకా ఎవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. శ్యామలమ్మ మొహంలో వెలుగు ఆరిపోవడం ఒక్క రాజమణే చూసింది. జమేదారు చూపు కోడలి మీదకి తిరిగింది. నిజానికి ఆ ప్రశ్న ఆమెదే. ఎన్నో రోజులుగా లోపల నలుగుతున్నదే.

"నేనే తింటున్న సాబ్" అంది రాజమణి.

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. అయినా ఆగలేదు. తాను వట్టి మనిషి కాదని, నోరు ఊరుకోక చింతపండు ఉప్పులో అద్దుకుని తింటున్నానని, పప్పు పచ్చిదే నములుతున్నానని, అత్తకు తెలిస్తే చంపుతుందని దొంగచాటుగా ముడి విప్పుకుంటున్నానని చెప్పి తల దించుకుంది.

శ్యామలమ్మ మరుక్షణం అందుకుంది. ఇంట్లోనే దొంగ ఉందని, ఉప్పు అంగట్లో దొరకని రోజుల్లో తన కొసరు మింగేసిందని, నార్కట్‌పల్లి వాళ్లు ఇంతేనని చావడి ఎగిరిపోయేటట్టు తిట్టింది. ఆడవాళ్లంతా ఆమె మీద పడ్డారు. కడుపుతో ఉన్న పిల్లను అట్లా అంటావా అని అడ్డం తిరిగారు. జమేదారు కూడా ఆడపిల్లలున్నవాడే అయి ఉండాలి. పిల్లకు కడుపునిండా పెట్టమని శ్యామలమ్మను గదమాయించి, సిపాయిలను తీసుకుని వెళ్లిపోయాడు.

ఇల్లు చేరాక శ్యామలమ్మ పొయ్యి ముందు చతికిలబడింది. ఎట్లా తెలిసిందని అడిగింది. పిడికెళ్లు చూసి తెలిసిందని రాజమణి చెప్పింది. గుట్ట వెనక గుహలో పసిపిల్లలున్నారని, వాళ్లు ఆకులు ఉడకేసుకుంటుంటే చూసి వచ్చానని శ్యామలమ్మ చెప్పింది. మరి మన కుండల్లోంచే తీసి ఇవ్వొచ్చు కదా అంది కోడలు.

"మన కుండలకెల్లి తీస్తే మీ కడుపు మాడుతది బిడ్డా. పిడికెడు పోతే ఎవ్వని కడుపు మాడదు. తిట్లంటవా, అవి నాకు అలవాటే."

"గూడెం కాలకముందు గూడ కొసరు తెచ్చేదానివి కదా అత్తమ్మా. అదెవరికి పోయేది?"

"ఎప్పుడు ఎవరో ఒకరుంటరు లే" అని శ్యామలమ్మ మాట దాటేసింది. తర్వాత కోడలి వైపు అదోలా చూసి మెల్లగా అడిగింది. "నిజంగనే ఉన్నదా?"

"లేదు."

"నీ తల్లి కడుపు సల్లగుండ" అని శ్యామలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్లు కదిలిపోయేటట్టు నవ్వింది. చాలా రోజులకు ఆ ఇంట్లో అత్తాకోడళ్లు కలిసి నవ్వారు.

ఆ అబద్ధానికి అనుకోని లాభం వచ్చింది. మరునాటి నుంచి ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒకరు నువ్వుల ముద్దలు, ఒకరు సకినాలు, ఒకరు పెరుగు దుత్త. సావిత్రమ్మ బెల్లం తెచ్చింది. బుచ్చయ్య పటాల వెనకనుంచి ఉప్పు తీసి, పిల్లకు మాత్రమేనని మూడుసార్లు చెప్పి పంపాడు. అవన్నీ గంపలో పాత గోనె కింద గుట్ట ఎక్కాయి. సిపాయిలు కడుపుతో ఉన్న మనిషిని ఆపరు కాబట్టి ఆ గంప ఇప్పుడు రాజమణి మోసేది.

వానలు ముగిసే వేళకు యూనియన్ సైన్యం వచ్చింది. క్యాంపు ఖాళీ అయింది. గుట్ట మీదివాళ్లు దిగి వచ్చారు. పిల్లల్ని చంకనెత్తుకుని, ముసలివాళ్లను నడిపించుకుంటూ బుచ్చయ్య దుకాణం ముందునుంచే గూడేనికి పోతున్నారు. ఆ సమయానికి శ్యామలమ్మ అక్కడే ఉంది. గుంపులో పెద్దది బిక్షమ్మ ఆగి, అందరూ చూస్తుండగా ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఎవరు పెడితే తాము బతికామో ఊరికి చెప్పింది.

బుచ్చయ్య తక్కెడ కింద పెట్టాడు. దోసిలి నిండా కందిపప్పు తీసి శ్యామలమ్మ సంచిలో పోశాడు. ఇంకో దోసిలి తీయబోయాడు.

శ్యామలమ్మకు కోపం వచ్చింది. "అడగకముందే పోస్తే అది కొసరెట్లయితది సావుకారీ? తియ్యి. నేను అడుగుత. నువ్వు లేదను."

బుచ్చయ్య పప్పంతా వెనక్కి తీసుకుని, కళ్లు తుడుచుకుని, లేదన్నాడు. అప్పుడు ఆమె నెమ్మదిగా కొంగు చాపింది.

రాజమణికి మగపిల్లవాడు పుట్టాడు. అయితే మరుసటి ఎండాకాలంలో పుట్టాడు. చావడి రోజునుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న ఊరి ఆడవాళ్లకు ఆ లెక్క ఎంతకూ తేలలేదు. మంత్రసానికి కూడా తేలలేదు. అత్తాకోడళ్లు మాత్రం నోరు విప్పలేదు. చివరికి పురుటింటి గడప మీద కూర్చుని సావిత్రమ్మే తేల్చింది.

"శ్యామలమ్మ మనుమడు గదనే. కడుపుల గూడ కొసరు నెలలు ఉండి వచ్చిండు."